తిప్పి పెట్టినా అదే త్రిభుజం

మెట్ట పొలాల్లో కాంటూరు కందకాలు తవ్వే ముందు వాలు నేల మీద మట్టం చూడాలి. వాటర్‌షెడ్ పనుల్లో అందుకు వాడే సాధనాన్ని ఊళ్లోనే తయారుచేసుకోవచ్చు. సమానమైన రెండు కర్రలను పైన కలిపి కట్టి, మధ్యలో అడ్డకర్ర బిగించి, కొస నుంచి దారానికి రాయి వేలాడదీస్తారు. దాని పేరు ఎ-ఫ్రేమ్. దారం అడ్డకర్ర నడిమి గుర్తు మీద ఆగితే రెండు కాళ్లూ ఒకే ఎత్తులో ఉన్నట్టు.

ఆ కర్రల్లో దాగింది సమద్విబాహు త్రిభుజం. ఈజిప్టులోని డెయిర్ ఎల్-మెదీనాలో 1886లో బయటపడిన సెన్నెజెమ్ సమాధిలోనూ ఇదే ఆకారపు మట్టం దొరికింది. మూడు వేల ఏళ్లు దాటినా సూత్రం మారలేదు. రెండు భుజాలు సమానమైతే శీర్షం నుంచి భూమికి, అంటే మూడో భుజానికి, గీసిన లంబమే మధ్యగతం, కోణాన్ని సమంగా చీల్చే రేఖ కూడా అదే. మిగతా త్రిభుజాల్లో ఈ మూడూ వేర్వేరు దారులు పడతాయి.

గుర్తు పెట్టే పద్ధతి ఇంకా బాగుంటుంది. కాళ్లను రెండు చోట్ల ఆనించి దారం ఎక్కడ పడిందో గీస్తారు. తర్వాత కుడికాలు ఎడమచోట, ఎడమకాలు కుడిచోట వచ్చేలా తిప్పి పెట్టి మళ్లీ గీస్తారు. రెండు గీతల నడిమి బిందువే అసలు మట్టం.

ఆ తిప్పడంలోనే ఈ త్రిభుజం ప్రాణమంతా ఉంది. భూమి దగ్గరి కోణాలు రెండూ సమానమని క్రీ.పూ. 300 ప్రాంతంలో యూక్లిడ్ తన గ్రంథం తొలి భాగంలోని ఐదో ప్రతిపాదనలో నిరూపించాడు. భుజాలను కిందికి పొడిగించి, అదనపు రేఖలు గీసి, చాలా దూరం నడిపించాడు. అక్కడ తడబడే విద్యార్థులను చూసే కాబోలు, యూరప్‌లో దానికి ‘గాడిదల వంతెన’ అన్న పేరు స్థిరపడింది. అలెగ్జాండ్రియా గణితజ్ఞుడు పాపస్ ఒక్క గీతైనా అదనంగా గీయలేదు. త్రిభుజాన్ని తిరగేసి దానితోనే పోల్చాడు: ఎడమ భుజం కుడి భుజానికి సమానం, కుడిది ఎడమదానికి సమానం, నడిమి కోణం ఒకటే. కనుక రెండూ సర్వసమానం, భూకోణాలూ సమానం. బడిలో ఈ నిరూపణనే ముందు చెబితే ఎంత బాగుండును!

వర్గీకరణ చిక్కు కూడా ఇక్కడే విడిపోతుంది. యూక్లిడ్ లెక్కలో సరిగ్గా రెండు భుజాలే సమానంగా ఉండాలి. సమబాహు త్రిభుజం వేరే జాతి. నేటి గణితం ‘కనీసం రెండు’ అంటుంది. ఇదే సబబు. తిప్పినా మారకపోవడమే లక్షణమైతే, మూడు రకాలుగా తిప్పినా మారని సమబాహు త్రిభుజాన్ని బయట నిలబెట్టడానికి కారణమే లేదు.

కోణాలను బట్టి చూస్తే నిర్ణయమంతా శీర్షానిదే. భూకోణాలు ఎప్పుడూ 90 డిగ్రీల లోపే. శీర్షకోణం 90 అయితే జామెట్రీ బాక్సులోని 45 డిగ్రీల మూలమట్టం, దాటితే అధికకోణ త్రిభుజం, తగ్గితే అల్పకోణ త్రిభుజం. 36 దగ్గర ఐదు కొసల నక్షత్రపు మొన కనిపిస్తుంది.

మన దేశంలో శుల్బసూత్రకారులు ఈ ఆకారంలో అగ్నివేదిక కొలతలు చెప్పారు. చతురస్రంలో ఒక భుజం మధ్యబిందువు నుంచి ఎదుటి మూలలకు గీతలు గీస్తే, సగం వైశాల్యంతో సమద్విబాహు త్రిభుజం వస్తుంది. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు రాసిన గణితసారసంగ్రహంలో త్రిభుజాలు సమ, ద్విసమ, విషమ అని మూడు తరగతులు. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు.

ఇంత తెలిసిన ఆకారమూ సులువుగా లొంగదు. రెండు మధ్యగతాలు సమానమైతే త్రిభుజం సమద్విబాహువే; లంబాలు సమానమైనా అంతే. వీటి నిరూపణలు తేలిక. రెండు కోణసమద్విఖండన రేఖలు సమానమైతే? సమాధానం అవుననే, కానీ నిరూపణ మాత్రం చుక్కలు చూపిస్తుంది. 1840లో గణితజ్ఞుడు లేమస్ దీన్ని శుద్ధ జ్యామితితో నిరూపించమని తోటి గణితజ్ఞుడు స్టర్మ్‌కు ఉత్తరం రాశాడు; స్టర్మ్ దాన్ని ఇతరుల ముందుంచగా స్టైనర్ నిరూపించాడు. తర్వాత ఎన్నో నిరూపణలు వచ్చాయి. వాటిలో చాలావరకు కోణాలు సమానం కావని అనుకుని వైరుధ్యం తేల్చేవే. సూటి దారి అసలు ఉందా అన్న చర్చ గణితజ్ఞుల్లో చాలాకాలం సాగింది.