దయచేయుట : తిరువలము స్థలకథయు వేలూరు సీమలో దయ నడచిన బాటలును

తెలుగు ఇంటి గుమ్మము ముందు అతిథి నిలిచినపుడు పెద్దలు పలుకు మొదటి మాట 'దయచేయండి' యనునది. ఆ మాటకు 'రండు' అని యర్థము. సాగనంపునపుడును అదే మాట చెల్లును. అప్పుడు 'వెళ్లిరండు' అని యర్థము. పెద్దలు ఒక వస్తువు నిచ్చినపుడు 'దయచేసిరి' అందుము. వచ్చుట, పోవుట, ఇచ్చుట అను మూడు పనులకు దయయే క్రియగా నిలిచినది. నిత్యమును వాడు మాట యగుటచే దీని లోతు ఎవరికిని పట్టదు. ఒకరు మన గడపకు నడచి వచ్చుటయే దయ యని తెలుగువారు ఏనాడో నిశ్చయించుకొనిరి.

తమిళమునను ఇట్టి మాటయే కలదు. దేవుడు గాని, గురువు గాని వచ్చుటను 'ఎళుందరుళుదల్' అందురు. 'ఎళు' అనగా లేచుట, 'అరుళ్' అనగా దయ. లేచి దయ చూపుటయే అక్కడ 'రాక' యైనది. ఉత్సవమూర్తి వీథిలోనికి వేంచేయుటకును ఈ మాటయే. రెండు భాషలు తమ తమ ధాతువులతోనే ఒక్క భావమును కట్టుకొనుట గమనింపదగినది. జాలిపడుట యను అర్థము గల 'ఇరంగు' అను తమిళ క్రియను, దిగుట యను అర్థము గల 'ఇఱంగు'తో ముడిపెట్టి, దయ యనగా దిగివచ్చుటయే యని చెప్పువారు కలరు. భావము రమ్యమే కాని రేఫములు వేరు. శకటరేఫమును మరచినవారికే ఆ వ్యుత్పత్తి చెల్లును.

ఈ రెండు భాషలు కలసి మెలసి యుండు చోట, దయకును రాకకును గల చుట్టరికమును చెప్పు స్థలకథ యొకటి ఉన్నది. అది వేలూరు జిల్లా కాట్పాడి తాలూకాలోని తిరువలము. పూర్వము తిరువల్లమనిరి. శాసనములందు దీనికి వాణపురమను పేరును కలదు. బాణరాజుల యూరగుటచే ఆ పేరు. నాటి గుడియాత్తము తాలూకాలోని ఉదయేందిరమున దొరకిన బాణుల తామ్రశాసనము వారి సీమను ఆంధ్రపథమునకు పడమటి భూమిగా చెప్పుచున్నది. తమిళమున దీనినే 'వడుగవళి' యనిరి. అనగా తెలుగువారి బాట. ఈ సీమ పేరులోనే తెలుగువారి నడక యున్నది.

తిరువలమున బిల్వనాథేశ్వరుడు, ధనుర్మధ్యాంబ కొలువై యున్నారు. తిరుజ్ఞానసంబంధర్ పాడిన స్థలములలో ఇది యొకటి. ఆలయము పొన్నై నది యొడ్డున నున్నది. ఈ పొన్నైయే చిత్తూరు సీమలో నీవా నది. చిత్తూరు కొండలలో పుట్టి, ఆ పట్టణము మీదుగా తమిళ సీమలోనికి దిగి, తిరువలమును దాటి పాలారులో కలియును. నీవా యను పేరునకు తిరువలమువారు చెప్పు కారణమే ఆ స్థలకథ.

పూర్వము స్వామి అభిషేకమునకు కావలసిన నీటిని అర్చకుడు కంజనగిరి నుండి మోసికొని వచ్చుచుండెనట. ఆ కొండపై కంజనుడను అసురుడు అతనిని దినదినము బాధింపసాగెను. అర్చకుడు స్వామితో మొరపెట్టుకొనెను. స్వామి నందిని పంపగా, నంది అసురుని చీల్చి చెండాడెను. అంతటితో కథ ముగిసిన, అది దుష్టశిక్షణ కథలలో ఇంకొకటి అయ్యెడిది. కాని స్వామి మరియొక పని చేసెను. ఇకమీద ఆ వృద్ధుడు కొండ యెక్కనక్కరలేదని తలచి, నదిని పిలిచి 'నీ వా' అనెను. తమిళమున దానికి 'నీవు రా' అని యర్థము. నది వచ్చి గుడి ప్రక్కన పారెను. దాని పేరు నీవా యయ్యెను.

ఇట్టి పేరుకథలను భాషాశాస్త్రము ఒప్పదు. ఒప్పకున్నను నష్టము లేదు. ఊరి జనులు దయ యనగా ఏమని యెంచిరో తెలిసికొనుటకు ఈ కథ చాలును. శత్రువును చంపుట సహాయమే. అయినను మరునాటి యుదయమున ఆ వృద్ధుడు మరల కడవ నెత్తుకొని అంత దూరము నడువవలసినదే గదా! కడవ బరువును, కొండ దారిని, అతని వయస్సును దేవుడు లెక్కలోనికి తీసికొనెను. నీటికై మనిషి పోవుట మాని, మనిషికై నీరు వచ్చునట్లు చేసెను.

ఈ యాలయమున చూడవలసిన విశేషము ఇంకొకటి. శివాలయములందు నంది స్వామివైపు ముఖముగా నుండుట వాడుక. ఇక్కడి నంది స్వామికి వీపు త్రిప్పి బయటివైపు చూచుచుండును. అసురుడు మరల రాకుండ కాచుచున్నాడని చెప్పుదురు. స్వామిని రెప్పవేయక చూచుటయే నందికి పరమానందము. ఆ యానందమును విడిచి, నీళ్లు మోయువాడు నడచు బాటవైపు చూపు నిలిపినాడు. దేవునికి వీపు త్రిప్పుట అపచారమనువారు ఈ నంది ముందు ఒక్క నిమిషము నిలిచి చూడదగును.

భగవంతుడు పరుగున వచ్చుట తెలుగు పాఠకునకు క్రొత్త గాదు. పోతన భాగవతము అష్టమస్కంధములోని గజేంద్రమోక్షణ ఘట్టమున విష్ణువు పక్కనున్న లక్ష్మికైన చెప్పక, ఆయుధముల మాట తలపక బయలుదేరుట పల్లెలలో చదువురానివారికిని తెలిసిన కథయే. తిరుమలపై వేదాంతదేశికులు దయాశతకమును రచించి, వేంకటేశ్వరుని దయనే ఒక దేవిగా నిలిపి స్తుతించిరి. అయితే గజేంద్రునిది ప్రాణసంకటము. తిరువలము అర్చకునిది దినదిన శ్రమ. అది ఎవరికిని వార్త గాదు, పురాణమునకును పెద్ద విషయము గాదు. నిత్యజీవితములో మన కంటబడునవి ఎక్కువగా ఈ రెండవ తెగవే గనుక తిరువలము కథ మనకు మరింత దగ్గర.

ఇక దేవుని కథ నుండి మనుష్యుల కథకు రావలెను. ఇందులకును ఈ సీమనే చూడవచ్చును.

ఐడా స్కడర్ 1870 డిసెంబరు 9న రాణిపేటలో జన్మించెను. ఆమె తండ్రియు, తాతయు వైద్యులైన మిషనరీలు. ఆమెకు మాత్రము ఇక్కడ నిలువవలెనను తలపు లేకుండెను. చదువు ముగించుకొని, తల్లి జబ్బుగా నుండుటచే తిండివనము వచ్చియుండగా, ఒక రాత్రి మువ్వురు పురుషులు ఒకరి వెనుక నొకరు ఆ యింటికి వచ్చిరి. వారిలో ఒకరు బ్రాహ్మణులు, ఒకరు మహమ్మదీయులు, మరియొకరు వేరొక హిందూ కులమువారు. మువ్వురి భార్యలును ప్రసవవేదనలో నుండిరి. ఐడా తాను వైద్యురాలను గాననియు, తండ్రి వైద్యుడనియు చెప్పగా, పరపురుషుని రానీయజాలమని మువ్వురును తిరిగిపోయిరి. తెల్లవారునప్పటికి ముగ్గురు స్త్రీలును మరణించిరి. వైద్యుడు అదే ఇంట నున్నాడు, మందును ఉన్నది. అయినను నడుమ దాటరాని దూర మొకటి యుండెను. అది మైళ్లతో కొలుచునది గాదు, ఆచారముతో కొలుచునది. ఆ దూరమును తగ్గించుటకు స్త్రీయే వైద్యురాలు గావలెనని ఆమె గ్రహించెను. 1899లో కార్నెల్ వైద్యకళాశాలలో పట్టము పొంది, 1900లో వేలూరునకు వచ్చి, ఒక్క మంచముతో వైద్యము మొదలిడెను. 1902లో నలువది మంచముల షెల్ ఆసుపత్రి వెలసినది. 1918లో స్త్రీల వైద్యపాఠశాల తెరవబడినది. నేడు క్రైస్తవ వైద్యకళాశాలగా ప్రసిద్ధి కెక్కినది దాని పెరుగుదలయే.

పెద్ద ఆసుపత్రి కథ అందరును చెప్పుదురు. మన ప్రస్తావనకు అంతకంటె ముఖ్యమైనది బాటపక్కని వైద్యము. ఆసుపత్రి కట్టినను పల్లెవారు రాలేకుండిరి. రావలెనన్న బండి కావలెను, కూలి పోవును, పసిబిడ్డను ఎవరో చూడవలెను. కావున ఐడా మందుపెట్టెలతో గుడియాత్తము బాట పట్టెను. వారమునకొక దినము ఆ దారిని పోవుట వాడుక. పల్లెల మొగసాలలందు చెట్ల నీడలను రోగులు కాచియుండెడివారు. ఆమె ఆగినచోటనే పుండ్లు కడుగుట, కండ్లలో మందు వేయుట, పండ్లు పీకుట జరిగెడిది. కొండ మీది నీరు గుడి చెంతకు వచ్చినట్లే, వేలూరి మందు చింతచెట్టు క్రిందికి వచ్చినది. పోలిక చెప్పుట సులువే. అయితే ప్రతివారమును తప్పక పోవుట సులువు గాదు. ఒక్కదినము పంచిపెట్టుటకు ఉదారబుద్ధి చాలును. వచ్చు వారమును అదే చెట్టుక్రింద ఆగుటకు మరియొక గుణము వలయును. దానికి మన భాషలో తగిన పేరు లేకపోవుట చింతింపదగిన విషయము.

దయకును జాలికిని గల భేదము కరిగిరిలో మరింత తేటపడును. తిరువలమున కంత దూరము గాని కరిగిరి గ్రామమున కుష్ఠురోగులకై షీఫెలిన్ పేర వైద్యపరిశోధనాలయము 1955లో వెలసినది. దాని వెనుక నున్న శాస్త్రచికిత్సకులలో ముఖ్యుడు పాల్ బ్రాండు. ఇతడు కొల్లికొండలలో 1914లో జన్మించి, 1946లో వేలూరునకు వచ్చినవాడు. కుష్ఠురోగమున వ్రేళ్లు వాటియంతట అవియే కుళ్లి రాలునని లోకమెల్ల నమ్ముచుండెను. బ్రాండు పరిశీలించి, రోగము నరములను చంపుటచే నొప్పి తెలియకుండుననియు, నొప్పి తెలియనివాడు కాలిన గిన్నెను పట్టుకొని, ముల్లు గ్రుచ్చుకొన్న పాదముతోనే నడచి తన యవయవములను తానే పోగొట్టుకొనుననియు నిరూపించెను. బిగుసుకొనిపోయిన చేతులలో బలము తగ్గని కండరముల స్నాయువులను తీసి, చచ్చుబడిన వ్రేళ్లకు కలిపి వానిని మరల కదలించెను.

ఇచట ఒక వింత జరిగినది. చేతులు బాగుపడిన రోగులలో కొందరు మరల బ్రాండు కడకు వచ్చి, ఈ చేతులతో బిచ్చము పుట్టుట లేదని మొరపెట్టుకొనిరట. వంకర చేతులను చూచి జాలిపడి కాసు విసరినవారే, చక్కబడిన చేతులను చూచి కాసు వేయరైరి. రోగము మచ్చ చూచి పనియు ఇయ్యరైరి. జాలి కాసు విసరును, కాని దగ్గరకు రాదు. విసరుటకు కొంత దూరము కావలెను గదా! అందుచేత చికిత్సతో బాటు పని నేర్పుటకై నవజీవన నిలయమను చోటు 1951లో ఏర్పడినది. రోగులచేత వడ్రంగము చేయించిరి. చేతిని చక్కజేయుట సగము పని. ఆ చేతికి ఒక పనిముట్టును, దానికొక కూలియును దొరకుట మిగిలిన సగము.

ఈ విషయమునకు నేటి కుటుంబములతో పొత్తు కలదు. 1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ బహుళ ఔషధ చికిత్సను సూచించినది. ఆరు నెలలు గాని, పండ్రెండు నెలలు గాని మందు వాడిన రోగము నయమగును. మందు మొదలిడిన కొలది దినములలోనే ఇతరులకు అంటుకొను శక్తి పోవును. అయినను శరీరముపై స్పర్శ తెలియని మచ్చ కనబడినపుడు దానిని దాచువారే హెచ్చు. ఆడపిల్ల పెండ్లి తప్పునని భయము, అద్దె యిల్లు ఖాళీ చేయింతురని భయము. చట్టమే చాలకాలము ఈ భయమునకు తోడుపడినది. 1898 నాటి కుష్ఠురోగుల శాసనము 2016లో గాని రద్దు కాలేదు. కుష్ఠురోగము విడాకులకు కారణముగా నుండిన నిబంధన 2019లో గాని పోలేదు. మందుతో అంటుకొను శక్తి పోయిన రోగమునకు వేరు కంచము, వేరు గ్లాసు పెట్టు ఇండ్లు నేటికిని కలవు. ఆ యింట దయ చూపవలెనన్న ధనము అక్కరలేదు. వేరు కంచమును తీసి అటక మీద పెట్టి, రోగిని పంక్తిలో కూర్చుండబెట్టి 'దయచేయండి' యని వడ్డించిన చాలును. పాదములకు స్పర్శ లేనివానికి రాత్రివేళ ఇంటివా రొకరు అరికాళ్లు దీపము ముందు చూచి, గాయమున్నదో లేదో చెప్పవలెను. అతనికి తెలియని నొప్పిని అతనికై ఇంకొకరు తెలిసికొనవలెను. బ్రాండు కనిపెట్టిన శాస్త్రము నడుచుట కిదియే ఇంటి దారి.

వేలూరునకు చిత్తూరు, అనంతపురము మొదలగు తెలుగు జిల్లాలనుండి రోగులు వచ్చుట నేటికిని కలదు. కాట్పాడి స్టేషనులో దిగి, తమిళ ఫలకములు చదువలేక, చేతిలోని చీటీని ఎవరికి చూపవలెనో తెలియక నిలుచు వృద్ధదంపతులు ఆ స్టేషనుకు క్రొత్త గారు. ఈ సీమలో తరతరములుగా నున్న తెలుగువారికి రెండు భాషలును వచ్చును. తెలుగు బడులలో పిల్లలు తగ్గుచున్నారనియు, తెలుగు నేర్చిన ఏమి ప్రయోజనమనియు పెద్దలు అడుగుచున్న కాలమిది. ఆ చీటీని చదివి, బస్సు నెక్కించి, కిటికీ దగ్గర నిలిచి, దిగవలసిన చోటు పేరు రెండుమారులు తెలుగున చెప్పు బాలుడు ఆ ప్రశ్నకు తెలియకయే జవాబు చెప్పుచున్నాడు. చిత్తూరు నుండి దిగివచ్చిన నదిని నీవా యని పిలుచు ఊరివాడు, అదే చిత్తూరు నుండి దిగివచ్చిన ముసలివానిని పలుకరింపకుండ పోజాలడు.