సెస్నా స్పెక్స్‌లో ఆ ‘15 నాట్స్’ అంటే ఏంటి? పక్కగాలి ల్యాండింగ్ అసలు లెక్క

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు నుంచి నాకు ఎక్కువగా వచ్చే మెసేజ్ ఇదే: “అన్నా, ఈ డ్రోన్ గాలికి ఆగుతదా?” డీజేఐ మినీ 4 ప్రో అయితే సెకనుకు 10.7 మీటర్ల గాలి వరకు ఓకే అని స్పెక్స్‌లోనే ఉంటుంది. అంటే గంటకు దాదాపు 38 కిలోమీటర్లు. ఇప్పుడు పైలట్ స్టూడెంట్లు నేర్చుకునే సెస్నా 172 మాన్యువల్ చూడండి. పక్కగాలికి 15 నాట్స్ అని ఉంటుంది, అంటే గంటకు 28 కిలోమీటర్లే. చేతిలో పట్టే డ్రోన్ కంటే విమానానికి తక్కువా?

రెండూ ఒకటి కాదు. డ్రోన్‌ని గాలి నెడితే లోపలున్న ఫ్లైట్ కంట్రోలర్ జీపీఎస్ చూసుకుని తనే వంగి నిలబడుతుంది. పైగా దానికి ముక్కు ఎటున్నా పర్లేదు. విమానానికి అలా కుదరదు, చక్రాలు రన్‌వేకి సూటిగా ఉన్నప్పుడే నేలని తాకాలి. ఇక సెస్నాలో ఫ్లైట్ కంట్రోలర్ ఎవరంటే, ఆ సీట్లో కూర్చున్న ఇరవై ఏళ్ల స్టూడెంటే.

ఆ 15 కూడా లిమిట్ కాదు. టెస్టుల్లో దింపి చూపించిన గాలి అంతే, ‘ఇది పరిమితి కాదు’ అని మాన్యువల్లోనే రాసి ఉంటుంది. అలాగని పర్మిషన్ కూడా కాదు. సోలో వెళ్లే స్టూడెంట్‌కి ట్రైనింగ్ స్కూళ్లు ఇంకా తక్కువ నంబర్ పెడతాయి. నాకైతే స్పెక్ షీట్ కంటే ఆ నంబరే నిజమైన స్పెక్ అనిపిస్తుంది.

చిన్న విమానానికే ఎందుకింత తంటా? స్పీడ్ వల్ల. సెస్నా 65 నాట్స్‌తో దిగుతుంటే, 15 నాట్స్ పక్కగాలికి ముక్కుని 13 డిగ్రీలు గాలివైపు తిప్పితేనే లైన్ మీద ఉంటుంది. 135 నాట్స్‌తో వచ్చే ఎయిర్‌బస్‌కి అదే గాలిలో ఆరు డిగ్రీలు చాలు.

మన దగ్గరి ఉదాహరణే తీసుకుందాం. తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ ఉన్న బేగంపేటలో రన్‌వే 09/27, అంటే తూర్పు పడమర. వానాకాలం గాలేమో నైరుతి నుంచి వస్తుంది. వెదర్ రిపోర్టులో 24015 అని ఉందనుకోండి: 240 డిగ్రీల నుంచి 15 నాట్స్ గాలి. రన్‌వే 270, తేడా 30 డిగ్రీలు. సైన్ 30 అంటే సగం, కాబట్టి పక్కగాలి ఏడున్నర నాట్సే. మిగతాది ఎదురుగాలి, అది మనకి హెల్పే. కానీ గస్ట్ 24 అని కూడా ఉంటే పక్కగాలి ఒక్కసారిగా 12కి పోతుంది. యాప్‌లో పెద్దగా కనిపించే సగటు గాలి చూసి మురిసిపోవద్దు, గస్ట్‌తోనే లెక్క కట్టాలి.

లెక్క ఫోన్ చేసేస్తుంది. కాళ్లు చేసేది మాత్రం ఫోన్ నేర్పలేదు. పైన చెప్పిన గాలి ఎడమ నుంచి వస్తుంది. నేల దగ్గరపడగానే కుడి రడ్డర్ తొక్కి ముక్కుని రన్‌వేకి సూటిగా తేవాలి, అదే టైమ్‌లో ఎడమ రెక్కని కొంచెం దించి గాలికి ఆనించాలి. చేయి ఒకవైపు, కాలు ఇంకోవైపు! ముందు ఎడమ చక్రం, తర్వాత కుడి, చివర్లో ముక్కు చక్రం ఆనాలి. హమ్మయ్య అని అక్కడ చేయి వదిలేస్తేనే ప్రమాదం. స్పీడ్ తగ్గేకొద్దీ కంట్రోల్స్ పట్టు తగ్గుతుంది, గాలి తోకని నెట్టి ముక్కుని తనవైపు తిప్పుకుంటుంది. అందుకే ఎడమవైపు తిప్పిన యోక్‌ని ఇంకా తిప్పుతూ పోవాలి. లైన్ కుదరలేదా, ఫుల్ పవర్ ఇచ్చి మళ్లీ పైకి లేవడమే. దాన్ని గో అరౌండ్ అంటారు, అందులో నామోషీ ఏం లేదు.

ఫోన్ టిల్ట్ చేసి ఆడే గేముల్లో ఈ కాలి పని చాలావరకు గేమే చేసేస్తుంది. పీసీలో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఉంటే ఆటో రడ్డర్ ఆఫ్ చేసి, బేగంపేట వీఓహెచ్‌వై సెలెక్ట్ చేసి, రన్‌వే 27కి 240 నుంచి 10 నాట్స్ గాలి పెట్టండి. ఎడమ చక్రం ముందు ఆనేదాకా గాలి పెంచకండి.