వాసనే ఎర, వాసనే కాపలా

పురుగు చేలోకి దారి అడిగి రాదు. వాసన పట్టుకుని వస్తుంది. రాత్రిపూట ఎగిరే రెక్కల పురుగుకు తన పైరు ఎక్కడుందో చాలావరకు చెప్పేది ఆకు, పూత వదిలే వాసనే. ఈ సంగతి తెలిసిన రైతు మందు డబ్బా కొనే ముందు చేయగల పని ఒకటుంది. పురుగుకు మరింత ఇష్టమైన మొక్కను చేలో ఎరగా వేసి, అక్కడే దాని పని పట్టడం. దీన్నే ఎర పంట అంటారు.

టమాటాకు బంతి

టమాటాలో కాయతొలుచు పురుగు, అంటే మన శనగపచ్చ పురుగు, బంతి పూల రంగుకూ వాసనకూ వచ్చి మొగ్గల మీద, పూల మీద గుడ్లు పెడుతుంది. 16 వరుసల టమాటాకు ఒక వరుస బంతి వేయాలని బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞుల సిఫారసు. పొడవుగా పెరిగే ఆఫ్రికన్ బంతి అయితే మంచిది.

కిటుకంతా నారు వయసులో ఉంది. 25 రోజుల టమాటా నారుతో పాటు 40-45 రోజుల బంతి నారు నాటాలి. అంటే టమాటా కంటే 15-20 రోజుల ముందే బంతి నారు పోసుకోవాలి. అప్పుడే రెండూ ఒకే సమయానికి పూతకొస్తాయి. బంతి ఆలస్యమైతే పురుగు నేరుగా టమాటా మీదే పడుతుంది.

గట్టు మీద ఆముదం

1997-98లో వరంగల్ ప్రాంతంలో పత్తి మీద పొగాకు లద్దె పురుగు విరుచుకుపడింది. మందు మీద మందు కొట్టినా పురుగు లొంగలేదు, మందుల బాకీ మాత్రం మిగిలింది. ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ పురుగుకు ఆముదమంటే మహా ఇష్టం. పత్తి, మిరప, వేరుశనగ చేల చుట్టూ ఆముదం వేస్తే దాని ఆకుల మీద గుంపుగా గుడ్లు పెడుతుంది. గుడ్ల మీద గోధుమ రంగు నూగు కప్పి ఉంటుంది. పిల్ల పురుగులు ఒకేచోట చేరి పచ్చదనం గీకి తింటే ఆకు జల్లెడలా అవుతుంది. అలాంటి ఆకు ఒక్కటి తుంచి నాశనం చేస్తే వందల పురుగులు పోయినట్లే.

కెన్యా పద్ధతి

1990 దశకంలో కెన్యాలోని ఇసిపె కీటక పరిశోధన కేంద్రం, ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ సంస్థ కలిసి మొక్కజొన్నలో కాండం తొలుచు పురుగుకు ఓ ఉపాయం కనిపెట్టాయి. వరుసల మధ్య డెస్మోడియం అనే మేత మొక్క వేస్తారు. దాని వాసన తల్లి పురుగుకు గిట్టదు. చేను చుట్టూ నేపియర్ గడ్డి వేస్తారు. దాని వాసన రమ్మంటుంది. లోపల తరుముడు, బయట లాగుడు! గడ్డి మీద గుడ్లు పెట్టినా, పిల్ల పురుగు కాడలోకి తొలవబోతే గడ్డి జిగురు కార్చి చాలావాటిని చంపేస్తుంది. పైగా రెండూ పశువులకు మేతే.

బంతి చంపదు, మీ చెయ్యే చంపాలి

మన రైతు గుర్తుంచుకోవలసింది ఇదే. నేపియర్ గడ్డి పురుగును తానే చంపుతుంది. బంతి, ఆముదం అట్లా కాదు. అవి పురుగును పిలుస్తాయి, తిండి పెడతాయి. నాటి వదిలేస్తే మన చేలో మనమే పురుగును పెంచినట్లు. శనగపచ్చ పురుగు గుడ్డు పగలడానికి మూడు నాలుగు రోజులే పడుతుంది. కాబట్టి వారానికి రెండుసార్లైనా బంతి వరుస నడిచి చూడాలి. పురుగు పట్టిన మొగ్గలు, పూలు కోసి గట్టున పడేయకుండా గోతిలో పూడ్చాలి. మంచి పూలు అమ్ముకోవచ్చు.

మొక్క పిలిచే కాపలాదారు

పురుగు కొరికిన మొక్క ఊరుకోదు. మొక్కజొన్న ఆకును పురుగు కొరికితే, దాని నోటి రసం తగిలి మొక్క ఓ ప్రత్యేక వాసన వదులుతుందని, ఆ వాసనకు పురుగులో గుడ్లు పెట్టి చంపే చిన్న కందిరీగలు వస్తాయని అమెరికా శాస్త్రజ్ఞులు 1990లో వెల్లడించారు. ఒకటి రెండు పురుగులు కనబడగానే ఘాటు మందు కొడితే, మొక్క పిలిచిన ఆ మిత్ర పురుగులే ముందు చస్తాయి. మొదట 5 శాతం వేప గింజల కషాయం సాయంత్రం పూట చల్లండి.

ఎర పంటతో మందులు పూర్తిగా మానేయొచ్చని కాదు. గుప్పెడు బంతి విత్తనం, నాలుగు ఆముదం గింజలు, వారానికి రెండు పూటల తిరుగుడు ఒకటి రెండు పిచికారీలను తప్పించినా ఆ డబ్బు రైతు ఇంట్లోనే ఉంటుంది.