స్టార్ట్ బటన్ లేని రిమోట్

"మీ కాలక్షేపం ఏమిటండీ?" అని ఇల్లాళ్ళని ఎవరైనా అడిగితే కుట్లు, అల్లికలు, పుస్తకాలు, సీరియళ్ళు... ఇలాంటి జవాబులే వినిపిస్తాయి. "వీడియో గేమ్స్!" అని నేనంటే మాత్రం, "మీ బాబువా?" అని మళ్ళీ అడుగుతారు. కాదండీ, అచ్చంగా నావే! కథలు రాసుకునే చేత్తోనే రిమోటూ పట్టుకుంటాను.

తొంభైల్లో పెరిగిన వాళ్ళకి ఇది కొత్త సంగతేం కాదు. జపాన్‌లో నింటెండో కంపెనీ 1983లో 'ఫ్యామికామ్' అనే యంత్రాన్ని విడుదల చేసింది. దాన్నే రూపు మార్చి 1985లో అమెరికాలో 'ఎన్.ఇ.ఎస్.' పేరుతో అమ్మారు. మనలో చాలామంది ఇళ్ళకి చేరినవి వాటి నకళ్ళే. క్యాసెట్ పెట్టి, టీవీలో చానెల్ వెతికి పట్టుకుంటే బొమ్మ వచ్చేది. రాకపోతే క్యాసెట్ తీసి ఉఫ్‌మని ఊదడమే మందు! నిజానికి పనిచేసేది ఊదినందుకు కాదు, తీసి మళ్ళీ సరిగ్గా పెట్టినందుకు. నోటి తడికి లోపలి పిన్నులు పాడవుతాయి కూడా. క్యాసెట్ మీద 9999 ఆటలని రాసి ఉండేది. తీరా చూస్తే ఓ గుప్పెడు ఆటలే పేర్లు మార్చుకుని మళ్ళీ మళ్ళీ వచ్చేవి.

నాకు నచ్చినవి

మొదటి పీట 'సూపర్ మారియో బ్రదర్స్'(1985)దే. షిగెరు మియమోతో, తకాషి తెజుకా రూపొందించిన ఈ ఆటలో ఎనిమిది లోకాలు, ఒక్కో దాంట్లో నాలుగేసి మెట్లు. ఇంత ఆటా కలిపి 40 కిలోబైట్లే! ఇవాళ మనం సెల్‌ఫోన్‌తో తీసే ఒక్క ఫోటోకి అంతకంటే ఎన్నో రెట్లు చోటు కావాలి. అందుకే వాళ్ళు ఎంత పొదుపు చేశారో చూడండి... ఆకాశంలో మబ్బు, నేల మీద పొద ఒకటే బొమ్మ! రంగు మాత్రం వేరు. ఉన్న పిండితోనే ఉదయం ఇడ్లీ, సాయంత్రం ఊతప్పం వేసే మనకి ఆ కిటుకు ఇట్టే అర్థమవుతుంది.

'కాంట్రా'లో ఇద్దరూ ఒకేసారి తుపాకులు పట్టుకుని పోరాడతారు. జలపాతం ఎక్కే ఘట్టం గుర్తుందా? ఒకరు తొందరపడి పైకి గెంతితే తెర పైకి జరిగిపోయి, కింద ఉన్నవాళ్ళ ప్రాణం పోతుంది. ఎన్ని పోట్లాటలో ఆ జలపాతం దగ్గర!

'టెట్రిస్' మాస్కోలో పుట్టింది. 1984లో అలెక్సీ పజిత్నోవ్ అనే ఆయన తయారుచేశారు. పైనుంచి పడే ఏడు రకాల ముక్కల్ని సందు లేకుండా సర్దాలి. స్టీలు సామానంతా ఒక్క అలమరాలో పట్టించే మా అమ్మ ఈ ఆటలో అందర్నీ ఓడించేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక "ఒక్క ఆటేనే" అంటూ కూర్చునేది. పాలవాడు వచ్చేదాకా లేస్తే ఒట్టు!

ఆపడానికైనా అడగాల్సిందే

ఇక అసలు సంగతి. మా ఇంట్లో మొదటి రిమోట్ అన్నయ్యది, రెండోది నాది. మారియో వాడు, లూయీజీ నేను. వాడి ప్రాణం పోతే గానీ నా వంతు రాదు. ఫ్యామికామ్‌లో రెండో రిమోట్‌కి స్టార్ట్, సెలెక్ట్ బటన్లు లేవు. మా నకలు యంత్రమూ అంతే. ఆట ఎంచుకోవాలన్నా, మొదలుపెట్టాలన్నా, దాహమేసి కాసేపు ఆపాలన్నా మొదటి రిమోట్ ఉన్నవాళ్ళనే అడగాలి. గంటకింతని తీసుకుని ఆడనిచ్చే కొట్టు మా వీధి చివర ఉండేది గానీ, ఆడపిల్లని నన్ను పంపేవారు కాదు.

అయితే రెండో రిమోట్‌కీ ఓ రహస్యం ఉంది. 'డక్ హంట్'లో ఒకే బాతు ఎగిరే ఆట పెట్టి రెండో రిమోట్ నొక్కితే, ఆ బాతుని మనమే తిప్పొచ్చు! తుపాకీ పట్టుకున్నవాళ్ళు గురి తప్పి తప్పి, చివరికి కుక్కతో నవ్వించుకోవాల్సిందే.

అందకుండా పోయినవి

మన క్యాసెట్లలో ఎక్కువగా ఉండేవి చిన్న చిన్న ఆటలు. రోజుల తరబడి ఆడే పెద్ద ఆటలు నాకు దక్కలేదు. 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా'(1986) అమెరికా క్యాసెట్‌లో చిన్న బ్యాటరీ ఉండేది. కరెంటు తీసేసినా మన ఆట ఎక్కడిదాకా వచ్చిందో అది గుర్తుంచుకునేది. కరెంటు పోయినప్పుడల్లా మళ్ళీ మొదటి లోకం నుంచి మొదలెట్టిన మాకు అది ఎంత వరం అయ్యుండేదో!

ఇంకోటి 'మెట్రాయిడ్'(1986). ఇనుప కవచం తొడుక్కుని శత్రువుల కోటలో ఒంటరిగా తిరిగే వీరుడు సామస్. తొందరగా ఆట ముగిస్తే చివర్లో కవచం తీస్తాడు... తీరా చూస్తే వీరుడు కాదు, వీరవనిత! చిన్నప్పుడే ఇది నా కంటపడి ఉంటే, "ఆడపిల్లలకి ఈ ఆటలెందుకు?" అన్నవాళ్ళకి మంచి జవాబు దొరికేది.

తెర వెనకా ఆడవాళ్ళున్నారు. 1982లో అటారీ యంత్రం కోసం 'రివర్ రెయిడ్' రాసింది కారొల్ షా. 'కాసిల్‌వేనియా'(1986)కి బాణీలు కట్టినవారిలో కినుయో యమషిత ఒకరు. 'మెగా మ్యాన్'(1987) సంగీతం మనామి మత్సుమయెది.

నింటెండో 2016లో 'ఎన్.ఇ.ఎస్. క్లాసిక్ ఎడిషన్' అని ముప్ఫై పాత ఆటలతో అరచేతిలో పట్టే చిన్న యంత్రం తెచ్చింది. జెల్డా, మెట్రాయిడ్ రెండూ అందులో ఉన్నాయి. అన్నయ్య అమెరికా నుంచి వస్తూ ఒకటి తెచ్చిపెట్టాడు. ఆటని ఎక్కడంటే అక్కడ ఆపి, మళ్ళీ అక్కడినుంచే ఆడుకోవచ్చు. కుక్కర్ మూడో కూత వెయ్యగానే నేను ఆపేస్తాను. వంటయ్యాక సామస్ ఎక్కడ నిలబడ్డదో అక్కడే ఉంటుంది నాకోసం.

'డక్ హంట్' మాత్రం అందులో లేదు. తుపాకీ నొక్కగానే తెర ఓ క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లని గడి మెరుస్తుంది. ఆ వెలుగుని తుపాకీ పసిగట్టాలి. పాత గాజుబుడ్డి టీవీల మీద తప్ప ఆ విద్య సాగదు.

మీ ఇంట్లోనూ వీడియో గేమ్ ఉందా? అయితే ఈ ఆదివారం ఒక్కసారి గమనించండి, మొదటి రిమోట్ ఎవరి చేతిలో ఉందో. అమ్మాయి వంతు కోసం పక్కన కూర్చుని ఎదురుచూస్తుంటే, ఈసారి తనతో మొదలుపెట్టించండి. తర్వాతి వంతు మీరే తీసుకోండి!