పది అంకెల చీటీ

తమిళనాడులోని తళి పరిసరాలవారు విమానమెక్కాలంటే రాష్ట్ర సరిహద్దు దాటి, బెంగళూరు నగరాన్నంతా అడ్డంగా దాటి, ఆవలి కొసన దేవనహళ్లిలో ఉన్న విమానాశ్రయానికి చేరుకోవలసి ఉంటుంది. హోసూరు నుంచి తళికి వచ్చే దారిలోనే, బెళగొండపల్లి వద్ద, ఒక ప్రైవేటు సంస్థ రన్‌వే ఉన్నది; 2024 జూన్‌లో తమిళనాడు ప్రభుత్వం హోసూరుకు 2,000 ఎకరాల విమానాశ్రయాన్ని ప్రకటించింది కూడా. అయితే 2008లో మొదలైన బెంగళూరు విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపల 2033 దాకా పోటీ విమానాశ్రయం రాకూడదన్న ఒప్పందం ఆ ప్రకటనకు అడ్డుగా నిలిచింది. అందువల్ల విమానం దిగాక సామాను బెల్టు మీదికి రాని పెట్టె కోసం మళ్లీ దేవనహళ్లికి వెళ్లడమంటే ఈ ప్రాంతంవారికి ఒక రోజు పని పోయినట్లే.

పెట్టె ఎందుకు రాదన్నది తెలియాలంటే, చెక్-ఇన్ కౌంటరులో దాని పిడికి చుట్టే చీటీని, అంటే ట్యాగును, గమనించాలి. దాని మీది పది అంకెలలో మొదటిది ట్యాగు రకాన్నీ, తరువాతి మూడు విమాన సంస్థనూ, చివరి ఆరు వరుస సంఖ్యనూ తెలుపుతాయి. కౌంటరు వెనుక గోడ దాటిన తరువాత పెట్టెను నడిపించేది ఆ అంకెలకు గుర్తుగా ముద్రించిన గీతలే కాని, యజమాని పేరు కాదు. చీటీ చిరిగినా, వెనుకటి ప్రయాణపు చీటీ ఊడదీయకుండా మిగిలిపోయినా, గీతలు చదివే యంత్రం తికమకపడుతుంది. అంతకంటె పెద్ద గండం విమానం మారే చోట ఉన్నది. అమెరికా నుంచి దుబాయి మీదుగా బెంగళూరు వచ్చే ప్రయాణికుడు పరుగెత్తి రెండవ విమానం అందుకోగలడేమో కాని, పెట్టె పరుగెత్తలేదు. విమానాశ్రయాలకు సమాచార వ్యవస్థలు సమకూర్చే సీటా సంస్థ లెక్క ప్రకారం 2023లో ప్రతి వెయ్యిమంది ప్రయాణికులకు దాదాపు ఏడు పెట్టెలు దారి తప్పడమో, ఆలస్యం కావడమో, దెబ్బతినడమో జరిగింది. ఆలస్యమైన పెట్టెలలో సగానికి కొంచెం తక్కువ ఇలా విమానం మారేచోట చిక్కుపడినవే. 2007లో వెయ్యిమందికి ఇలాంటి పెట్టెల సంఖ్య పంతొమ్మిదికి దగ్గరగా ఉండేదంటే పరిస్థితి మెరుగైందనే చెప్పాలి, పెట్టె పోగొట్టుకున్నవారికి ఆ మాట ఊరట కాకపోయినా.

యంత్రం సక్రమంగా ఉన్నా వ్యవస్థ కూలిపోవచ్చునని 2025 డిసెంబరు చూపింది. పైలట్ల విశ్రాంతికి సంబంధించిన కొత్త నిబంధనలకు తగినంత సిబ్బందిని సిద్ధం చేసుకోలేక ఇండిగో విమాన సంస్థ వేలాది విమానాలను రద్దు చేసినప్పుడు, బెంగళూరుతో సహా పలు నగరాలలో ప్రయాణికులు ఇళ్లకు మళ్లినా వారి పెట్టెలు విమానాశ్రయాలలోనే చిక్కుకుపోయాయి. పెట్టెల దారి ప్రధానంగా కౌంటరు నుంచి విమానం వైపే సాగేలా కట్టినది. వెనక్కి రప్పించాలంటే వేలాది పెట్టెల గుట్టలో మనుషులు చేతులతో వెతకవలసిందే. వాటిని 48 గంటలలో యజమానులకు చేర్చాలని పౌర విమానయాన శాఖ ఆదేశించింది.

ఇంజను ఆగిన 30 నిమిషాలలోగా చివరి పెట్టె కూడా బెల్టు మీదికి రావాలని 2024 ఫిబ్రవరిలో విమానయాన భద్రతా విభాగం ఏడు సంస్థలకు చెప్పింది. ఆ గడువు దాటినా పెట్టె కనిపించకపోతే, హాలు విడిచి రాకముందే పీఐఆర్ అనే ఫిర్యాదు పత్రం రాయించి నకలు తీసుకోవడం అవసరం. బయటికి వచ్చాక అదే పని ఎన్నో రెట్లు కష్టం. భారతదేశం 2009లో చేరిన మాంట్రియల్ ఒప్పందం ప్రకారం, అంతర్జాతీయ ప్రయాణంలో పెట్టె దెబ్బతింటే ఏడు రోజులలోనూ, ఆలస్యంగా అందితే అందిన నాటి నుంచి 21 రోజులలోనూ లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. రావలసిన తేదీ నుంచి 21 రోజులు గడిచినా రాని పెట్టె పోయినట్లే లెక్క. పరిహారానికి గరిష్ఠ హద్దు 2024 డిసెంబరు 28 నుంచి 1,519 ఎస్‌డీఆర్‌లు (ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్కలకు వాడే ప్రమాణం), అనగా లక్షన్నర రూపాయలకు పైమాటే. దేశీయ ప్రయాణానికి మాత్రం ప్రభుత్వ ప్రయాణికుల హక్కుల పత్రం 20,000 రూపాయల హద్దు చెబుతుంది. ఈ రెండింటి మధ్య ఇంత అంతరం ఎందుకన్నది అడగదగిన ప్రశ్నే. హద్దంటే అంత సొమ్మూ చేతికి వస్తుందని కాదు; నష్టం ఎంతో చూపవలసిన భారం ప్రయాణికునిదే. అందుకే కొన్న వస్తువుల రసీదులనూ, బోర్డింగు పాసుకు అంటించి ఇచ్చే ఆ పది అంకెల చిన్న ముక్కనూ, పెట్టె ఇంటికి చేరేదాకా పారవేయరాదు.