మీ జబ్బును మీరేమని పిలుస్తారు?

మన సంఘాల్లో అమెరికాలో పిల్లలున్న కుటుంబాలు చాలా ఉన్నవి. కూతురి పురిటికని వెళ్ళిన తల్లికి అక్కడ ఒంట్లో బాగుండదు. డాక్టరు ఎదుట కూర్చుని "వేడి చేసిందయ్యా" అంటుంది. పక్కనున్న పదేళ్ళ మనుమడు ఆ మాటనే ఇంగ్లీషులో చెబుతాడు. నర్సు థర్మామీటరు పెట్టి చూసి జ్వరం లేదంటుంది. ఆ తల్లి చెప్పదలచినది మూత్రంలో మంట. మనుమడి ఎదుట ఆ మాట ఎలా అంటుంది?

ఇటువంటి సందర్భాల కొరకే అక్కడి డాక్టర్లకు, నర్సులకు, ఉపాధ్యాయులకు, సంక్షేమ ఉద్యోగులకు వలస వచ్చినవారి ఆచారవ్యవహారాలను గూర్చి శిక్షణ ఇస్తున్నారు. మన తెలుగువారు ఎక్కువగా స్థిరపడిన న్యూజెర్సీ రాష్ట్రం 2005లో డాక్టర్లకు దీనిని చట్టంద్వారా తప్పనిసరి చేసింది. అత్యవసరమైతే తప్ప చిన్నపిల్లలను దుబాసీలుగా వాడరాదని 2016లో సమాఖ్య ప్రభుత్వ నిబంధన కూడా వచ్చింది.

ఈ జాగ్రత్త ఊరికే రాలేదు. 1980లో ఫ్లోరిడాలో పద్దెనిమిదేళ్ళ క్యూబన్ కుటుంబపు యువకుడు స్పృహ తప్పాడు. ఇంటివారు "ఇంటాక్సికాడో" అన్నారు. తిన్నదేదో పడలేదని వారి భావము. ఆసుపత్రివారు మత్తుమందు మింగాడనుకుని దానికే వైద్యం చేశారు. నిజానికి అతనికి మెదడులో రక్తస్రావము జరుగుతున్నది. కాళ్ళూ చేతులూ శాశ్వతంగా పడిపోయాయి. ఒక్క మాట!

భాష తెలిసినంత మాత్రాన సరిపోదనడానికి కాలిఫోర్నియాలోని మెర్సెడ్ పట్టణపు కథ ఉన్నది. లావోస్ యుద్ధము తరువాత అక్కడికి చేరిన మోంగ్ ప్రజలలో 1982లో లియా అనే పాప పుట్టింది. మూడు నెలలకే మూర్ఛలు మొదలయ్యాయి. తలుపు దబాలున మూసిన చప్పుడుకు బిడ్డ ఆత్మ బెదరి పారిపోయిందని తల్లిదండ్రులు నమ్మారు. డాక్టర్లు మందులను ఇరవైసార్లకు పైగా మార్చి రాశారు. చదువురాని ఆ తల్లిదండ్రులు ఏ సీసా ఎప్పుడివ్వాలో తెలియక, మందే బిడ్డను పాడుచేస్తున్నదని భయపడి, కొన్ని మానేశారు. 1985లో అధికారులు పాపను వేరే ఇంట పెట్టారు, తరువాత తిరిగి ఇచ్చారు. 1986 నవంబరులో వచ్చిన పెద్ద మూర్ఛతో ఆమెకు తెలివి పోయింది. కన్నవారి చేతులలోనే పెరిగి 2012లో చనిపోయింది. ఆన్ ఫాడిమన్ 1997లో ఈ కథను పుస్తకంగా రాసింది. ఎంతో మంది వైద్యవిద్యార్థులు దానిని చదువుతున్నారు. అందులో ఇటు డాక్టర్లు గాని అటు తల్లిదండ్రులు గాని దుర్మార్గులు కారు. ఇరువురూ బిడ్డ బ్రతకాలనే కోరారు.

"ఆత్మ పారిపోవడం వంటి మూఢనమ్మకాలను డాక్టర్లు ఒప్పుకోవాలా?" అని మన పాఠకులు అడగవచ్చు. విశ్వాసులముగా మేమూ ఒప్పుకోము. అయితే వినడం వేరు, నమ్మడం వేరు. ఆర్థర్ క్లైన్‌మన్ అనే మనోవైద్యుడు 1970లలో రోగిని అడుగవలసిన కొన్ని ప్రశ్నలు కూర్చాడు. మీ జబ్బును మీరేమని పిలుస్తారు? ఎందుకు వచ్చిందనుకుంటున్నారు? దీనిలో మీకు అన్నిటికంటె భయమైనది ఏది? లియా తల్లిదండ్రులను మొదటి రోజుననే ఇలా అడిగి ఉంటే మందులెందుకు ఆగిపోయాయో కొంతైనా తెలిసేది.

శిక్షణ కూడా దారి తప్పవచ్చును. 1998లో ఇద్దరు స్త్రీ వైద్యులు, టెర్వాలన్, మరే గార్సియా, ఒక సంగతి రాశారు. శస్త్రచికిత్స జరిగిన కొద్ది గంటలకు ఒక లాటినో స్త్రీ మూలుగుతున్నది. నర్సు పట్టించుకోలేదు. ఆ జాతివారు నొప్పిని ఎక్కువ చేసి చూపుతారని ఆమె తరగతిలో నేర్చుకున్నదట! జాబితా బట్టీ పట్టిన చదువు ఇంతే. మనవారి విషయమే చూడండి. భారతీయులంటే హిందువులు, శాకాహారులు అని కాగితంలో ఉంటే, ఉపవాస ప్రార్థనలో కూర్చుని ఇన్సులిన్ వేసుకునే మన సంఘపు పెద్దమ్మను ఏ కాగితం పట్టుకుంటుంది? "ఉపవాసం ఉంటారా, ఏ రోజులు?" అని ఎవరో అడగాలి. ఆమె డాక్టరు మీది గౌరవంతో తల ఊపి "సరేనయ్యా" అంటే అది ఒప్పుకోవడం కాదని కూడా ఎవరో గ్రహించాలి.

అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయములో గ్రీకుభాష మాట్లాడే యూదులలో, అనుదిన పరిచర్యలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని సణుగు పుట్టింది. అపొస్తలులు ఆ సణుగును గద్దించలేదు. ఏర్పడిన ఏడుగురి పేర్లు చదవండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. బాధ చెప్పుకున్నవారి భాష ఎరిగినవారికే పని అప్పగించినట్టున్నది.

ఇక మన ఊరి సంగతి. ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాలనుండి ఏటేటా కుటుంబాలు తెలంగాణ ఇటుక బట్టీలకు వస్తాయి. బిడ్డకు విరేచనాలైతే ఆ తల్లి మన ఆసుపత్రి వరుసలోనే నిలబడుతుంది. మనము తెలుగులో గట్టిగా, ఇంకా గట్టిగా చెబుతాము. ఆమె తల ఊపుతుంది. పొట్లంలోని మందును ఎన్ని నీళ్ళలో కలపాలో ఆమెకు అర్థమైనదా అని తెలుసుకొనడానికి ఒక మార్గమున్నది. ఆమె చేతనే, ఒడియా తెలిసిన ఒకరిని పక్కన ఉంచుకుని, తిరిగి చెప్పించడం. బట్టీ మేస్త్రీని మాత్రం దుబాసీగా పిలువకండి. అతని ఎదుట ఆమె అన్నీ చెప్పలేదు.