కోసిన డబ్బు ఎక్కడికి పోయింది?

ముక్తేశ్వరం రేవులో కోటిపల్లి పంటు కోసం కూచున్నాం. పక్కనున్న అక్క సంచిలోంచి మడతలు పడ్డ కాగితం తీసి నా చేతిలో పెట్టింది. "తమ్ముడూ, ఇదేంటో సూడు. పారేద్దామనుకున్నా" అంది.

గోదావరి అవతల రొయ్యల ఫ్యాక్టరీలో పదకొండేళ్లు తలలు తీసిన మనిషి. 2010లో చేరింది. ఐసు నీళ్లలో వేళ్లు పాడై 2021లో మానేసింది. మళ్లీ వరి చేలకే వచ్చింది. ఆ కాగితం జీతం చీటీ. అందులో పీఎఫ్ కోత వున్నది.

"ఇది నీ డబ్బేనక్కా."

"కోసేసిన డబ్బు మళ్లీ ఎవడిస్తాడు బాబూ?"

ఇస్తారు. ఇవ్వక తప్పదు. భవిష్యనిధి చట్టం 1952లోనే వచ్చింది. 20 మందికి తక్కువ కాకుండా పనిచేసే చోట అది కట్టాలి. కంట్రాక్టరు కింద చేసినా వర్తిస్తుంది. సాధారణంగా కూలి నూటికి 12 రూపాయలు మనది, అంతే మొత్తం యజమానిది. యజమాని వాటాలో 8.33 రూపాయలు 1995 నాటి పింఛను పథకానికి పోతుంది. పదేళ్ల సర్వీసుంటే 58 యేళ్లకు నెలనెలా పింఛను వస్తుంది. 2014లో కనీస పింఛను 1,000 రూపాయలన్నారు. చాలదు, నిజమే. కాని అదీ వదులుకుంటామా?

ఇక్కడే మోసం దాగున్నది. మధ్యలో కంట్రాక్టరు మారాడు. పాత నంబరు అడక్కుండా కొత్త నంబరు రాశాడు. ఒకదాంట్లో ఆరేళ్లు, ఒకదాంట్లో అయిదేళ్లు. విడివిడిగా చూస్తే ఏదీ పదేళ్లు కాదు, కలిపితే పదకొండు! 2014 అక్టోబరులో మనిషికొకటే నంబరు, అదే యూఏఎన్, పెట్టింది యీ గొడవ తీరడానికే. గేటు దగ్గర అది అమలు కాలేదు.

మరి పాత ఖాతా ఎలా దొరికింది? అదే షిఫ్టులో చేసిన ఆడమనిషి పీఎఫ్ నంబరు పట్టుకున్నాం. ఖాతా నంబరులో ఫ్యాక్టరీ కోడు అందరికీ ఒక్కటే. ఆ కోడుతో, ఆధారు కార్డుతో, జీతం చీటీతో పీఎఫ్ వాళ్ల శిబిరానికి పోయాం. 2023 జనవరి నుంచి జిల్లా జిల్లాలో నెలనెలా 27న పెడుతున్నారు, ఆ రోజు సెలవైతే మర్నాడు. రెండు ఖాతాలూ దొరికాయి. ఒకదాంట్లో యింటిపేరు తప్పు, పుట్టిన సంవత్సరం తప్పు. దిద్దుబాటు కాగితం మీద యజమాని సంతకం కావాలన్నారు. మూడుసార్లు తిరిగితే పెట్టాడు. రెండూ కలిపే దరఖాస్తు యింకా నడుస్తున్నది.

కాబట్టి కూలీ అక్కలారా, అన్నలారా! పాత ట్రంకుపెట్టెలు తీయండి. జీతం చీటీ, గేటు కార్డు, ఈఎస్ఐ కార్డు, జీతం పడ్డ బ్యాంకు పుస్తకం, ఏది దొరికినా దాచండి. పనిచేసిన మనిషి చనిపోయినా వారసులు అడగవచ్చు. ఏళ్ల తరబడి కదలని సొమ్ము వృద్ధుల సంక్షేమ నిధికి మళ్లినా, 25 యేళ్లదాకా అడిగే హక్కుంది. కోసి కట్టని యజమానిది నేరం. పాసుపుస్తకం చూస్తేనే అది బయటపడుతుంది.

జీవితమంతా చేలో వంగిన కూలికి యీ నిధే లేదు. దానికి పోరాటం వేరే చెయ్యాలి. ముందు మన చెమటలోంచి కోసిన దాని లెక్క అడుగుదాం.

పంటు వచ్చింది. అక్క ఆ కాగితాన్ని యీసారి సంచిలో వెయ్యలేదు. కొంగున ముడేసుకుంది.